తువ్వాలలో ఒడిబియ్యం

మొగుళ్లపల్లి పక్కన మిరప చేను. దాన్ని కౌలుకు చేస్తున్న హన్మంత్ దగ్గరికి, తొర్రూరు దిక్కున్న వాళ్లిద్దరి సొంతూరి నుంచి యుగేందర్ వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

“అడిగేదేందో సక్కగ అడుగు తమ్మి. వచ్చినకాన్నుంచి మిరపకాయ ధరలే అడుగుతున్నవ్.”

“అదే హన్మంతన్నా... నీ ఆపరేషన్ సంగతి.”

“ఏ ఆపరేషన్?”

“గదే. పిల్లలు కాకుంట మొగోళ్లకు చేసేది. నువ్వు చేసుకుంటివి గద.”

“ఇప్పుడెందుకది?”

“భాగ్యకు రెండో కాన్పయింది. గుండెల ఏందో తేడా ఉన్నదట. డాక్టరమ్మ నన్ను పిలిచి, మల్ల కడుపైతె మనిషి దక్కది, ఈమెను కోసుడు గూడ మంచిది గాదు, నువ్వే చేసుకో, చిన్న పని, పొద్దుగాల వస్తె మాపటికి ఇంట్ల ఉంటవ్ అన్నది.”

“మంచిగనే చెప్పింది.”

“మా అవ్వ వింటలేదు. మొగోడు బరువులెట్ల మోస్తడు, గవన్ని ఆడోళ్లకే అంటది. భాగ్య గూడ, నేనే చేసుకుంట తియ్ అంటది. రేపు ఎవరిదో ఒకరి పేరు రాపియ్యాలె.”

“నువ్వేమంటున్నవ్?”

“అందుకే నీ దగ్గరికొచ్చిన. మరి... బస్తాలు లేస్తున్నయా?”

“లేస్తున్నయి.”

“ఇంకోటి... అది...”

“ఏది?”

“నీకెరికె గదన్న.”

“నోటితోని అను. కల్లు మండువల మస్తు అంటుంటివి.”

“నవ్వులకన్న. బళ్లె సారు గా పాఠం చెప్పనే లేదు, ఇంట్ల సదువుకోండ్రని పేజీలు తిప్పిండు. ఊర్లెకు ఆశా వర్కరమ్మ వచ్చినా ఆడోళ్లను లోపట కూసోబెట్టి మమ్ముల బయటికి పొమ్మన్నది. ఇగ నాకు తెల్సినయి మండువ మాటలే.”

“నాకూ గవే తెల్సు. అయినా పేరు రాపిచ్చుకున్న.”

“అవునన్న.”

“ఆ పొద్దు మాపటికి ఏం చేసిన్రు మీరు?”

“ఇడిసిపెట్టన్న.”

“చెప్పు.”

“అందరం గలిసే చేసినం. నేనొక్కన్నే గాదు.”

“బియ్యం తెచ్చిందెవరు?”

“ఎవరైతేందన్న.”

“పసుపు గలిపి తెచ్చిందెవరు తమ్మి?”

“నేనే. నీ తువ్వాల పట్టుమని ఒడిబియ్యం పోసినం. రైకగుడ్డ పెట్టినం. రేపటి సంది నువ్వు మా ఊరి ఆడిబిడ్డవు, పుట్టింటోళ్లం మేమే అంటి.”

“వీడియో?”

“చంద్రమౌళి తీసిండు. నేను గ్రూపుల పెట్టిన. తెల్లారి తీసేసిన గద.”

“తెల్లారేసరికి చూడనోళ్లు లేరు.”

“తప్పయింది. ఇప్పుడు గదే మండువల నాకు పోస్తరని తెల్సు. కాళ్లు మొక్కుత, ఒక్క పని చెయ్యి. నువ్వు చేసుకున్నవ్, మంచిగున్నవ్, బస్తాలు మోస్తున్నవ్. గా ముక్క మా అవ్వకు ఫోన్ల చెప్పు. నీ మాట మీద నేను పోయి పండుకుంట.”

“నేనెట్ల చెప్త?”

“నా మీద కోపముంటె కొట్టు. నడుమ భాగ్య ఏం చేసింది?”

“సత్తమ్మ ఏం చేసింది?”

“వదినె జరమొచ్చి పానం పాయె. దీనికి దానికేంది?”

“జరమని ఊరోళ్లకు చెప్పింది నేనే. కుట్లకు చీము వట్టింది.”

“ఏం కుట్లన్న?”

“మీరు పోసిన బియ్యం తువ్వాలల మూట గట్టి ఇంటికి తీస్కపోయిన. సత్తమ్మ అప్పటికే వీడియో చూసింది. ఏమనలే. కొంగు పట్టింది.”

“అన్నా, మరి నువ్వు...”

“‘ఒడిబియ్యం నాయి, ఈ కొంగుల పొయ్యి’ అన్నది. పోసిన. తెల్లారి దవాఖానల నా జాగల ఆమె పండుకున్నది. నేను బయట చాయ్ తాగుకుంట కూసున్న, తమ్మి.”