అంటించిన కాళ్ళు

అయితే పురుగు కింద గుచ్చిన చీటీ మీద నా పేరుకి చోటు లేదంటారు! మీ పేరు మాత్రం మూడు ముక్కలూ పట్టిందిగా సార్? ‘పట్టినవారు: యోహానెస్ పీటర్ ఎస్టర్‌హైజెన్’ అట. అబ్బో! ఏనాడైనా ఒక్క పేడపురుగుని పట్టిన మొహమేనా?

గుంటలు తవ్విందెవరు? వాటిలో ఎరకి పేడ తెచ్చిందెవరు? తమరు జీపులో కూర్చుని కాఫీ తాగారు.

కోడలు పశువుల దొడ్డిలో అడుగు పెట్టకూడదని మా జూలూ ఇళ్ళలో పసిపిల్లనడిగినా చెబుతుంది. నేను పెట్టాను. ‘పేడ వేడిగా ఉండాలి తందెకిలే, చల్లారితే ఈ పురుగు రాదు’ అని నా ప్రాణం తోడేసింది మీరు కాదూ? మా అత్త చూసింది. ఇంకేముంది! ఊరంతా వినేలా తిట్టిపోసి, ఏడాదిపాటు పులిసిన పాలు ముట్టనివ్వలేదు. ఆ పాలు లేకుండా పొడిపొడి మొక్కజొన్న ఫుతు గొంతు దిగక మంచినీళ్ళతో మింగాను. దేనికోసం? నువ్వుగింజంత పురుగు కోసం!

ఏంటీ? జీతమా? ఇచ్చారు, కాదన్నానా? నేనడిగింది పేరు.

పైగా అది మామూలు పురుగు కాదట. ఈ గుంపులో అన్నిటికీ వెనక కాళ్ళు సన్నం, దీనికి మాత్రం వెడల్పు, కొసన రెండేసి ముళ్ళు. కాబట్టి కొత్త ప్రజాతి అని మీరు అచ్చేయించారు. దేశదేశాల పండితులు చప్పట్లు కొట్టారు. రెండోది కావాలని ఆరేళ్ళుగా నాచేత ఆ కొండంతా తవ్విస్తున్నారు.

దొరకదు సార్.

ఎందుకంటే... ఆగండి, చెప్పనివ్వండి. అట్టముక్క మీద అంటిస్తుంటే దాని వెనక కాళ్ళు రెండూ విరిగాయి. అంతకు ముందువారమే ఇంకో పురుగు మీసం విరిగిందని, అందరి ముందూ నన్ను ‘మొద్దుచేతులదానా’ అన్నారు. మీకు గుర్తుండదులెండి. నాకు భయమేసింది. పక్క డబ్బాలో ఇంకేదో పురుగుంటే, దాని కాళ్ళు తీసి దీనికి అంటించేశాను. కాస్త జిగురు, అంతే.

నన్నలా మింగేసేలా చూడకండి. నమ్మకపోతే గోరువెచ్చని నీళ్ళలో వెయ్యండి, రెండూ ఊడి తేలతాయి.

ఇప్పుడు పొరపాటైందని మళ్ళీ అచ్చేయించాలిగా? ఆ కాళ్ళు అంటించిందెవరో అందులో చెప్పక తప్పదుగా? తందెకిలే న్సెలే. రాసుకోండి సార్, ఒక్క అక్షరం కూడా పోనివ్వకండి.