తుప్పు మీద నీలం రంగు

ఆగు, ఆగు. ఆ సామాను సర్దడం ఆపు. మెల్లగా జారుకుందామనుకున్నావా మరిదిగారూ? ముందు ఇటొచ్చి పెరట్లో ఈ ఇనుప రేకుల కొలను గోడ చూడు.

ఎంత నున్నగా ఉందో కదా! నీలం రంగు, తళతళా... పొద్దున నేనూ మురిసిపోయాను. ముచ్చటపడి వేలు పెట్టి నొక్కాను. అంతే, వేలు లోపలికి దిగింది! తీసేసరికి లోపల పరిచిన ప్లాస్టిక్ షీటు చిరిగి నీళ్ళు బట్టల మీదకి చిమ్మాయి. ఇనుప రేకులోకి వేలు దిగడమేంటయ్యా? అది రేకు కాదు, నువ్వు పూసిన లప్పం.

ఏంటీ, చిన్న చిల్లేనా? అటు చూడు, పెరడంతా బురద.

నీ షెడ్డులో కార్లకి చేసినట్టే చేశావు. సొట్ట కనబడితే లప్పం, పైన రంగు, ఓనరు చేతికి తాళం. కారు తలుపుకి ఇన్ని నీళ్ళు ఆనుకుని ఉంటాయా? నీళ్ళ మీద తేలే చెత్త లాగే డబ్బా దగ్గర రబ్బరు పాడైంది, అక్కణ్ణుంచి నీళ్ళు ప్లాస్టిక్ షీటు వెనక్కి దిగి రేకుని లోపల్నుంచి తినేస్తున్నాయి అని మొత్తుకున్నానా లేదా? రబ్బరు మార్చు, తుప్పు ముక్క కోసేసి కొత్త రేకు బిగించు అన్నానా? "నాకు రేకు సంగతి చెప్తావా వదినా" అని నవ్వావు.

ఇప్పుడేమైంది? నిన్న నిండా పట్టిన నీళ్ళు మోకాళ్ళకి దిగాయి. మోకాలి లోతు నీళ్ళు మీ అన్నకి దేనికి, కాళ్ళు కడుక్కోడానికా? ఛాతీ దాకా ఉంటేనే కదా ఆ మనిషి నిలబడేది! పక్షవాతం వచ్చాక ఈ కొలనులో తప్ప ఇంకెక్కడైనా తన కాళ్ళ మీద నిలబడ్డాడా?

ఆ జాలి మొహం పెట్టకు, ఒళ్ళు మండుతోంది. "పాపం అన్నయ్య" అంటావా? నేను మాట్లాడేది అన్నయ్య గురించి కాదు, నా గురించి!

మంచం మీంచి లేవాలంటే నా భుజం. స్నానానికి నా భుజం. కిటికీ దాకా వెళ్ళాలన్నా నా భుజమే. నీళ్ళలో ఉన్నంతసేపే ఆయన నా మీంచి చెయ్యి తీస్తాడు. నేను పక్కన కుర్చీ వేసుకుని ఊరికే కూర్చుంటాను, అంతే. ఆ కాసేపు కూడా లేకపోతే నాకు ఆయనంటే అసహ్యం పుడుతుంది. పుడుతుంది ఏంటి, నువ్వు రంగు ఆరాలంటూ కొలను మూసిన రోజుల్లోనే మొదలైంది. అలా చూడకు. నిజమే చెప్తున్నా.

ఆయనకింకా తెలీదు. తువ్వాలు భుజాన వేసుకుని లోపల కూర్చున్నాడు. "తమ్ముడు పాపం ఎంత కష్టపడ్డాడో, వెళ్ళేలోపు థ్యాంక్స్ చెప్పు" అని నన్ను పంపాడు.

థ్యాంక్స్. అయిందా? ఇక లోపలికెళ్ళి కొలను పోయిందని నువ్వే చెప్పు. నాకు లోపలికెళ్ళాలని లేదు.