టీసీ ఇచ్చెయ్యండి ప్రిన్సిపాల్ గారూ

మళ్ళీ సోమవారం రమ్మంటారేంటండీ గణేష్‌బాబు గారూ! పోయిన వారం వస్తే మీరు మీటింగులో ఉన్నారన్నారు. మొన్న వస్తే క్లర్కు గారు లేరన్నారు. ఇవాళ మీరూ ఉన్నారు, ఆయనా ఉన్నాడు, సీలు కళ్ళెదురుగానే ఉంది. ఇంకేం రావాలండి, ముహూర్తమా?

కూర్చోమంటారా? వద్దండి. పొద్దున్నుంచీ పిఠాపురం మార్కెట్లో చేపలమ్మి అటునుంచటే వచ్చాను. మీ కుర్చీలకి మెత్తలున్నాయి. ఈ వాసన పట్టిందంటే ఓ పట్టాన వదలదు. నిలబడే చెబుతాను.

మా అమ్మాయి మరిడమ్మ టీసీ ఇచ్చెయ్యండి. నేనడిగేది అంతేనండి.

ఏంటీ? ఇంత ర్యాంకు పెట్టుకుని, మన రాష్ట్రంలో కాలేజీలే లేనట్టు కేరళ ఎందుకు పోతుందనా? బాగుందండీ! ఐదో తరగతి దాటనిదాన్ని, నన్నడుగుతున్నారా? రెండేళ్ళు మీ హాస్టల్లో పెట్టుకున్నారు. ఒక్కసారైనా దాన్నే అడగలేకపోయారా, నీకేం చదవాలనుందమ్మా అని?

కోపం కాదండి.

ఆయ్, కోపమే. అబద్ధమెందుకు.

పోయినేడు తుపానుకి సముద్రం మా వీధిలోకి వచ్చింది కదండీ. వచ్చి ఊరుకుందా? ముందు వరస ఇళ్ళన్నీ పట్టుకుపోయింది. మాది రెండో వరస. ఇప్పుడు మొదటి వరస అయింది లెండి, ప్రమోషను! వంటింటి గోడ పడిపోయిందని పిల్లని పంపమంటే మీరు పరీక్షలన్నారు. మా ఆయన పోతురాజు వచ్చి గేటు దగ్గర బైఠాయిస్తే అప్పుడు పంపించారు. గుర్తుందా?

వచ్చి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదండి. ఒడ్డున నిలబడి అలా చూస్తా ఉంది. రాళ్ళ గట్టున్న చోట ఇళ్ళు నిలబడ్డాయి. గట్టు అయిపోయిన చోట ఇంకా లోపలికి కోసేసింది. "అమ్మా, ఇక్కడి ఇసక ఎక్కడికి పోయింది? ఇక్కడే ఎందుకు కోస్తుంది, అక్కడెందుకు కొయ్యదు?" అనడిగింది. గంగమ్మ తల్లి ఇష్టం అన్నాను. నాకు తెలిసింది అదే మరి. వాళ్ళ నాన్ననడిగితే, వలేసేవాణ్ణి, ఇసక సంగతి నాకేం తెలుసే అన్నాడు.

సరే, చదువున్నవాళ్ళని అడుగుదామని, హాస్టలుకి తిరిగొచ్చి ఫిజిక్సు మాస్టారు విజయ్ పాల్ గారిని అడిగిందంట. ఆయన మంచాయనేనండి, నేను తప్పనను. "ఇవి పరీక్షలో రావమ్మా, వచ్చేవి చూసుకో" అన్నారంట. క్లాసంతా నవ్వారంట. ఆ రోజునుంచీ దాని పేరు ఇసకమ్మ.

ఇంక అడగడం మానేసిందండి. చీకటితోనే లేపడం, చదివిందే చదివించడం, రాసిందే రాయించడం! ఆదివారం ఫోన్ చేస్తే, తిన్నావా అంటే తిన్నా. బాగున్నావా అంటే బాగున్నా. ఒడ్డున వల లాగుతుంటే మగాళ్ళ మధ్య నిలబడి లాగండ్రా, లాగండ్రా అని కేకలేసే పిల్లండి అది! అడిగినదానికి జవాబివ్వడం తప్ప మాట్లాడటమే మర్చిపోయింది.

ర్యాంకొచ్చింది. ఎందుకు రాదు? బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. నెత్తిన బుట్టతో నిలబడి చూశానండి. దానికి నీలం కోటు తొడిగారు, కంప్యూటర్లో. మా పిల్ల కోటెప్పుడు వేసుకుందండీ? మెడ ఒకరిదీ మొహం ఒకరిదీలా ఉంది. నా పక్కన చేపలమ్మే బేబీ అడిగింది, మీ మరిడేనా వదినా అని. అవునన్నాను. నాకే డౌటు!

అప్పట్నుంచీ ఇంటికి కార్లే కార్లు. ఏదో ఇంజనీరింగు కాలేజీ నుంచి రమేష్ బాబని ఒకాయన వచ్చాడు. మా నెంబరు మీరే ఇచ్చారంట కదా. కంప్యూటరు సీటు, ఫీజు వద్దు, హాస్టలు ఫ్రీ, ల్యాప్‌టాప్ కూడా ఇస్తామన్నాడు. మా ఆయన మొహం వెలిగిపోయింది. పిల్ల టీ గ్లాసు అందిస్తూ, "సార్, మీ కాలేజీలో సముద్రం గురించి ఎవరైనా చెబుతారా?" అంది. ఆయన పెద్దగా నవ్వి, "కంప్యూటరు నేర్చుకో తల్లీ, సముద్రమేంటి, ఆకాశమే నీది" అన్నాడు. పిల్ల ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

ఆ సముద్రం చదువేదో విశాఖపట్నంలో లేదా అంటారా? నేనూ అదే అన్నానండి. ఇంటరయిన వెంటనే చేరేది తనకి దొరకలేదంది. డిగ్రీ అయ్యాకైతే ఉందంట. అప్పటిదాకా మనసు లేని చదువు చదవనంది.

కొచ్చిలో సముద్రం మీదే ఐదేళ్ళ చదువుందని తనే వెతుక్కుంది. పరీక్ష రాసింది, సీటొచ్చింది. చేరేముందు ఏదో కనుక్కుందామని అక్కడికి ఫోన్ చేస్తే, పాఠాలు చెప్పే మేడమ్ గారు ఎత్తారంట. ఇదేమో ఉండబట్టలేక ఇసక సంగతి అడిగేసింది. ఆవిడ నవ్వలేదండి! ఒడ్డుకెళ్ళి వీడియో పెట్టి చూపించమంది.

పిల్ల ముందు, నేను వెనకాల. వాళ్ళ ఇంగ్లీషు నాకో ముక్క అర్థం కాలేదు. రాళ్ళ గట్టు చివర నిలబడి ఇది చెయ్యి ఊపుతూ చెబుతుంది. ఆవిడ ఇంకోటి అడుగుతుంది, ఇది అటు పరిగెత్తి చూపిస్తుంది. అలల హోరుకి అరుస్తుంది. నా కూతురు అరుస్తుందండి! రెండేళ్ళయింది ఆ గొంతు విని.

ఛార్జింగ్ అయిపోయి ఫోను ఆగిపోతే నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. "అమ్మా, ఆవిడకీ పూర్తిగా తెలీదంట! నువ్వొచ్చాక ఇద్దరం కలిసి చూద్దాం అంది!" అంటుంది. తెలీదన్నందుకు అంత సంతోషమేంటో! మీకేమైనా అర్థమవుతుందా?

మా ఆయన ఒప్పుకున్నాడనుకున్నారా? అన్నం ముట్టలేదు. "ఒడ్డున పడతావని కదే చదివించాను! మా నాన్న పోయిందీ ఆ నీళ్ళలోనే. మళ్ళీ వాటి దగ్గరికేనా?" అని తల బాదుకున్నాడు. కన్నవాడి బాధండి, ఏమంటాం. పిల్ల గట్టిగా కూడా మాట్లాడలేదు. "హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని జీతం పంపుతాను నాన్నా. ఇల్లే పోయాక ఏ అడ్రసుకి పంపను?" అంది. ఆయన లేచి బోటు దగ్గరికి పోయాడు. పొద్దున్నే వచ్చి, దాని మొహం చూడకుండా నాతో అన్నాడు, టీసీ సంగతి చూడవే అని.

ఇదండీ జరిగింది.

ఏంటండీ? తెలివైనవాళ్ళందరూ ఇలా పోతే ఇక్కడ ఎవరు మిగులుతారనా? మిగలమనడానికి మీరేం మిగిల్చారండీ? ఉన్నన్నాళ్ళూ నోరు ముయ్యమన్నారు. ఆనక కోటు తొడిగి స్తంభానికి కట్టారు. అదే స్తంభానికి వచ్చే ఏడు ఇంకో పిల్లని కడతారు.

తిరిగొస్తుందా అంటే, చెప్పలేనండి. అక్కడే ఉద్యోగమొస్తే అక్కడే ఉంటుంది. ఎవడో మలయాళీ అబ్బాయి నచ్చితే పెళ్ళీ చేసుకుంటుంది. అడిగితే పలికేవాళ్ళున్న చోటే కదండీ మనిషి ఉండేది?

నీకు బెంగ లేదా అంటున్నారా.

ఎంత మాటడిగారండీ.

మొన్న మీ క్లర్కు లేడని తిప్పి పంపారు చూడండి. బస్సెక్కాక ఏడుపు రావాలి కదా? రాలేదండి. హమ్మయ్య అనిపించింది. పోయిన వారమూ అంతే. ఇంటికెళ్ళి "ఇవ్వలేదే" అని చెప్పాను. నా గొంతులో ఏముందో దానికి తెలిసిపోయింది. "నువ్వు గట్టిగా అడిగావా అమ్మా?" అంది. అన్నం పెడితే తినేసి పడుకుంది.

అడగలేదండి. ఆయన లేడనగానే వెనక్కి తిరిగాను. బజార్లో ఒక్క రూపాయికి ఊరంతా వినబడేలా పోట్లాడే నూకరత్నం, ఇక్కడ నోరు మెదపలేదు.

ఇవాళ అడుగుతున్నాను. గట్టిగానే అడుగుతున్నాను. తలుపు దగ్గర మీవాళ్ళు తొంగి చూస్తున్నారు, చూడనివ్వండి.

ఇందాక మీరు సోమవారం అన్నారా? అనగానే లోపల ఏదో "సరే, పోదాం పద" అందండి. అందుకే కదలను. ఉత్తచేతుల్తో ఈ గడప దాటానంటే, సోమవారం నేను రాను. నా సంగతి నాకు తెలుసు.

సీలు వెయ్యండి బాబూ.