పెరట్లోని సర్కారు అమ్మవారు

పెరట్లో ఆ అమ్మవారు ఎక్కడిదని కదా అడిగేవు? ఫోను దగ్గరగా పెట్టు మరి, నేను గట్టిగా అరవలేను.

రెండువేల ఆరు, ఎండాకాలం. నేను రైల్వేలో ఇంకా పట్టాల మీదే పని చేస్తున్నాను. టౌన్లో గుఢియారీ పేటలో అద్దె కొంప వదిలేసి, ఇదిగో ఈ అభన్‌పూర్ వైపు జాగా కొని ఇల్లు కట్టేం. అప్పుడు ఇక్కడ ఏటుంది, పొలాలూ గేదెలూను. మీ మామ్మ పండరీ బజారు నుంచి చీర తెచ్చుకోవాలంటే పూట పట్టీది. చీరలు ఎంత చవకో అప్పుడు... సరే, చీరల సంగతి తరవాత.

బావి నేనే తవ్వించేను. పక్కింటి సాహూ వచ్చి, "రావు బాబూ, బావి నా జాగాలో పడినట్టుంది" అన్నాడు. నా పేరు సింహాద్రి. ఇక్కడ తెలుగోడు ఎవడైనా రావే, చెప్పి చెప్పి నోరు పడిపోయింది. అయితే సాహూ మంచోడు. గోడ బావి మధ్యకి కట్టుకుందాం, మీరు అటునుంచి తోడుకోండి, మేం ఇటునుంచి తోడుకుంటాం అన్నాడు. నేను ఒప్పుకుంటానా? తవ్వించింది నేను. కొలిపిద్దాం అన్నాను. రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలతో అర్జీ కూడా నేనే రాసేను. అదీ హిందీలో, చూసుకో.

పట్వారీ వచ్చేడు. మన కరణం లాంటోడు. వెనకాల ఇనప గొలుసు మోసుకుంటూ ఇద్దరు. కొలత ఎక్కడపడితే అక్కడ మొదలెట్టరు, సర్కారు పాతిన రాయి ఒకటుంటాది, చాందా అంటారు, దాని దగ్గర్నుంచే గొలుసు పరచాలి. ఆ రాయి కనపడదు. మిట్టమధ్యాహ్నం పొలమంతా తిరిగేరు. గేదెలు తినేసేయేమో అన్నాడు సాహూ. చివరికి పట్వారీ దాహమేసి మన పెరట్లోకొచ్చేడు. అమ్మవారిని చూసి చెప్పులు విప్పేడు, దణ్ణం పెట్టేడు. పెట్టి, వంగినోడు వంగినట్టే ఉండిపోయేడు. కుంకం కింద ఉలితో చెక్కిన గుర్తు కనపడింది.

"మాతాజీ, మీరు సర్కారుని ఎత్తుకొచ్చేశారు" అన్నాడు.

మీ మామ్మ తొణికితేనా. మన శ్రీకాకుళం వైపు పొలం గట్టున ఒంటిరాయి నిలబడి ఉంటే అమ్మవారే కదా, గేదెలు ఒళ్ళు రుద్దుకుంటంటే చూడలేక, నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఇటుకల బండోళ్ళచేత తవ్వించి తెప్పించీసింది. నాకేం తెలుసు? ఇంటికొచ్చేసరికి పసుపు మొహంతో అమ్మవారు. నేనూ దణ్ణం పెట్టేను. సర్కారు రాయిని ప్రమోషను కూడా అడిగేను. రాలేదనుకో.

"ఎండలో పడుంటే తెచ్చుకున్నాను. మీ సర్కారు ఏనాడైనా ఓ దీపం పెట్టిందా?" అంది పట్వారీతో.

రాయి ముందు ఎక్కడుండీదో చూపించమని ఆయనంటే, మోదుగచెట్టు పక్కన అంది. ఆ చెట్టు కొట్టేసి ఎన్నాళ్ళో అయింది. నేను ఊరుకోలేదు, ఇప్పుడున్న చోటునుంచే కొలవమన్నాను. రాయి రాయే కదా. అలా కొలిస్తే సాహూ ఇల్లు రోడ్డు మీదకీ, మన ఇల్లు చెరువులోకీ పోతాయి, నీకు ఈత వచ్చా అన్నాడు పట్వారీ. గొలుసు చుట్టుకుని పోయేడు.

సాహూ మళ్ళీ వచ్చేడు. సగం సగం అన్నాడు. ఆయన పెళ్ళాం అప్పటికే మన అమ్మవారికి మొక్కులు మొదలెట్టింది, కొడుకు పరీక్ష పాసవ్వాలని. నేను మాత్రం అర్జీల మీద అర్జీలు. మీ మామ్మ అంటూనే ఉంది, "నీళ్ళు అందుతున్నాయి కదా, నీకెందుకు?" అని. బుర్రకెక్కితేనా.

ఏళ్ళు పోయాయి. మొన్న నువ్వు పదో క్లాసులో ఉన్నప్పుడనుకుంటాను, కాదు, ఆ ముందేడు, కొలవడానికి సర్కారు పంపిన ఓ అమ్మాయి వచ్చింది. మూడు కాళ్ళ కర్ర మీద మిషను. గొలుసూ లేదు, చాందాతో పనీ లేదు, ఆకాశంలోంచి చూసుకుంటాదట. టీ మరిగేలోపు పని అయిపోయింది. ఎర్ర రంగు గీత గీసింది. బావి మొత్తం సాహూ వైపే. సగం కాదు, మొత్తం. నేను మళ్ళీ కొలవమన్నాను. పాపం, కొలిచింది. గీత ఇంకో జానెడు మనవైపే జరిగింది. మూడోసారి అడగబోతే మీ మామ్మ నా నోరు మూసీసింది, లేకపోతే వంటిల్లు కూడా పోయీది.

ఈసారి సగం మాట సాహూ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

నువ్వు ఆ కొలతల చదువే చదువుతున్నావట కదా, చల్లగా ఉండు తల్లీ. రాయి కనపడితే ముందు కుంకం తుడిచి చూడు. సాహూ పెళ్ళాం ఇప్పటికీ శుక్రవారం వస్తాది, చెంబుతో నీళ్ళు తెచ్చి అమ్మవారికి పోస్తాది. ఆ బావి నీళ్ళే.

బావి సాహూ గోడ లోపల ఉంది. మనం కుళాయి నీళ్ళు తాగుతున్నాం.