రేకు బోర్డుకు చెదలు

1986 ఫిబ్రవరి నాలుగో తారీఖు పొద్దున, కొత్తవాడలో జంపఖానాలు నేసే సోమక్క నూలు సేటు పాండురంగం దుకాణం గడప ఎక్కుతూనే గోడ వంక చూసింది. ఆమె మనసులో శంక అప్పుడే మొదలైంది.

“బోర్డేది సేటూ?”

“ఏ బోర్డక్కా? కూసో, చాయ్ తాగు.”

“చాయ్ తర్వాత. ఐదేండ్ల సంది గీ గోడకే ఉండె గదా. ‘సరుకు ఎవరికి అమ్ముకున్నా నూలు ఇవ్వబడును’ అని సర్కారోళ్లు పెట్టిచ్చిన బోర్డు.”

“ఓ, గదా! చెదలు వట్టింది, తీసిన.”

“రేకు బోర్డుకు చెదలా?”

“చెదలంటే... తుప్పు. తుప్పే అన్న.”

“చెదలన్నవ్.”

“సరే, అన్న. నూలుకేనా అచ్చినవ్?”

“ఇరవై కట్టలు. కాజీపేటల రైల్వేవాళ్లు జంపఖానాలు జెప్పిన్రు. నెల లోపట ఇయ్యకుంటే ఆర్డర్ పోతది, నా మగ్గం ఆగుతది.”

“కాజీపేటకా? నువ్వే నేరుగ అమ్ముతానవా?”

“ఎవ్వలకమ్మితే నీకేంది?”

“నాకేంది! ఊకెనే అడిగిన. నూలు... లేదక్కా. లారీ రాలే.”

“నీ ఎన్కనే కట్టలు కండ్లవడ్తానయ్.”

“అవి యాకయ్యయి.”

“యాకయ్య నేసినయన్ని నీకే ఏస్తడు. గందుకా?”

“గట్లెందుకనుకుంటవ్...”

“సాంబయ్య దుకాణంల లారీ రాలేదట. సారంగపాణి దుకాణంల లారీ రాలేదట. ముగ్గురి లారీలు ఒక్క దిక్కే ఆగినయా? మల్ల కూడవలుక్కున్నరా? మీ నూలు కొన్నోళ్లు మీకే అమ్మాలె, మీరన్న ధరకే. గంతేనా?”

“మెల్లగనక్కా, బజార్ల ఇంటరు.”

“ఇననీయ్. నాకు భయమైతాంది సేటూ. నిజం జెప్పు.”

“ఇగో, నిజమే చెప్తా. అప్పట్ల నువ్వు మా మీద అర్జీ వెట్టినవ్. యాపారాలు జూసే సర్కారు కమిషనోళ్లు గట్ల చెయ్యద్దని, బోర్డు వెట్టాలని తాఖీదు ఇచ్చిన్రు. ఐదేండ్లు తలొంచుకోని ఉన్న. తాఖీదు మీద తారీఖు ఎనభై ఒకటి ఫిబ్రవరి మూడు. నిన్నటితోని మియాదు అయిపోయింది. ఇగ నా నూలు, నా ఇష్టం.”

“మరి చెదలని అబద్ధమెందుకు?”

“నీ నోటికి జడిసి.”

“గీ కాయితం సదువు.”

“ఏందిది?”

“తాఖీదు నకలు. వకీలు తెలుగుల రాసిచ్చిండు. నాకు సదువు రాదు గని, గీ వరుస నోటికచ్చు. నువ్వే సదువు.”

“‘ఈ ఉత్తర్వు ప్రతివాదికి... అందిన నాటి నుండి... ఐదు సంవత్సరాలు...’”

“ఆగినవేంది?”

“...గంతే ఉన్నది.”

“అందిన నాటి నుంచి. యాదికున్నదా? పోస్టుమాన్ కొమురెల్లి తాఖీదు తెస్తే, సేటు ఊళ్లె లేడని చెప్పిచ్చి గీ నూలు బేళ్ల ఎన్క నక్కుంటివి.”

“ఒక్కసారో, రెండుసార్లో...”

“నెల మీద తిప్పినవ్. ఆఖరుకు దొరికి, నా ముంగటనే దస్తకత్ వెట్టిన దినం మార్చి తొమ్మిది. మియాదు ఇంక నెల పైననే ఉన్నది సేటూ. బోర్డు తగిలియ్యి, ఇరవై కట్టలు తియ్యి.”