తేలుకు దారిచ్చిన రోడ్డు

మాదాపూర్‌లో పుల్లయ్య చాయ్ బండి దగ్గర ఐలయ్య నోరు తెరిచాడంటే, పాలు రెండు పొంగులు పొంగాక గానీ మూసేవాడు కాదు. కంప్యూటర్ కంపెనీల కోసం కడుతున్న గుండ్రటి అద్దాల బిల్డింగు ఇంకో రెండు నెలల్లో తెరుస్తారట అని ఊరంతా చెప్పుకుంటున్న రోజులవి. ఆ సాయంత్రం మాత్రం ఐలయ్య కోతలు కొయ్యడానికి రాలేదు పాపం, ఒక మాట అడగడానికి వచ్చాడు.

సంగతేమిటంటే, తెల్లారితే పెత్రమాస. పోయిన పెద్దలకు బువ్వ పెట్టే రోజు. ఐలయ్య తల్లి సమాధి ఆయన పాత చేనులో ఉంది, ఆ చేనేమో కాలనీ అయి కూర్చుంది. మూడేళ్ల కిందట బ్రోకర్లు ఊరి మీద పడి, "కొత్త సర్కారు కంపెనీల కోసం భూములు గుంజుకుంటదంట, ముందే అమ్ముకున్నోడే తెలివిగల్లోడు" అని ఊదరగొడితే, ఐలయ్య కూడా తెలివిగల్లోడైపోయాడు. తీరా చూస్తే సర్కారు ఆయన చేను జోలికే రాలేదు, పక్కనుంచి పెద్దరోడ్డు వేసుకుని పోయింది. అమ్మ సమాధి ఉన్న రెండు గుంటల జాగా మాత్రం అమ్మకుండా కాగితంలో గట్టిగా రాయించుకున్నాడు. అక్కడికి పోయే బాట రాయించుకోలేదు. మరిచాడు అనడం కూడా తప్పేలెండి. ఊళ్లో బాట ఎవరు రాయించుకుంటారు? ఎవరి గట్టు మీదనుంచి ఎవరైనా నడిచిపోతారు. ఇప్పుడు గట్లు పోయి నాలుగు దిక్కులా గోడ లేచింది. భూమి ఐలయ్యదే, కాలు పెట్టడానికే దారి లేదు.

ఆ కాలనీ సెక్రెటరీ పట్టాభిరామయ్యగారు గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న గవర్నమెంటు ఉద్యోగి. రోజూ ఆరింటికి పుల్లయ్య దగ్గరే చాయ్. "గేటు తియ్యమని ఆ సారును ఒక్క మాట అడుగరాదయ్యా" అని భార్య సక్కుబాయి వారం నుంచి ఐలయ్య చెవిలో పోరుతూనే ఉంది.

సారు బల్ల మీద కూర్చునే ఉన్నారు. పక్కన అవినాష్, ఆయన మేడ మీద కిరాయికుండే కంప్యూటర్ కుర్రాడు.

"సారూ," అన్నాడు ఐలయ్య. జొన్నకంకులు కోసుకుపొమ్మని దారిన పోయేవాళ్లను పిలిచి పిలిచి ఇచ్చిన చేను అది. అదే చేనుకు ఇప్పుడు దారి అడగాలా? నాలుక దానంతటదే పక్కకు తిరిగింది. "సారూ, ఈ పెద్దరోడ్డుకు బాట చూపించింది నేనే, ఎరుకేనా?"

"అలాగా అండీ!"

"అవు మరి! సర్వేటోళ్లు మూడుకాళ్ల మిషన్ పట్టుకొని పొదలల్ల పరేషాన్ అయితుంటే, జర నా ఎంబడి రాండ్రి అన్న. ముందట నేను, ఎనక సున్నం పోసుకుంట వాళ్లు. రోడ్డు మీద ఆ వంపు చూసినవా తమ్మీ? ఆడ నాకు తేలు కనబడ్డది. నేను పక్కకు జరిగిన, సున్నం పోసేటోడు గూడ జరిగిండు. తేలు ఎన్నడో సచ్చింది గని, సర్కారు రోడ్డు గిప్పటికీ దానికి దారి ఇస్తనే ఉంది!"

అవినాష్‌కు చాయ్ పొలమారింది. ఆ నవ్వు వినగానే ఐలయ్యకు ఊపిరొచ్చింది, అడగాల్సిన మాట ఇంకో మెట్టు కిందికి దిగింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోడ్డుకు అడ్డం ఏనుగంత రాతిగుండు. మందుపాతర పెట్టిండ్రు, పగలలే. మిషన్ తెచ్చిండ్రు, పండ్లూడినయి దానికి. నేను పోయి భుజం ఆనిచ్చి, 'జరుగవే బిడ్డా' అన్న. దొర్లింది సూడు! దొర్లీ దొర్లీ బాలానగర్ పోయింది. ఆడ కార్ఖానోళ్లు బేరింగ్ అనుకొని మిషన్ల బిగించుకున్నరు."

"పోయినేడు చెప్పినప్పుడు కూకట్‌పల్లి దాంకనే పోయింది గదనే ఐలయ్యా?" అన్నాడు పుల్లయ్య, గ్లాసులు కడుగుతూ.

"అది ఇంకా దొర్లుతున్నప్పుడు చెప్పిన్రా!"

పట్టాభిరామయ్యగారు కూడా నవ్వారు. ఇదే అదను, అడిగెయ్ అనుకున్నాడు ఐలయ్య. అడగబోయేసరికి అమ్మ గుర్తొచ్చింది. సర్వేవాళ్లు దాహమని వస్తే ఐలయ్య నీళ్లిచ్చి గట్టు దాటించిన మాట నిజమే. ఆ గట్టు మీదే అమ్మ నెత్తిన సద్దిగిన్నె పెట్టుకుని రోజూ వచ్చేది. ఆమె కాళ్లకే ఆ గట్టు నున్నగా అరిగింది. కళ్లు చెమ్మగిల్లుతాయేమోనని గొంతు ఇంకాస్త పెంచాడు.

"ఇగ విను తమ్మీ! ఒకనాడు అమెరికోళ్లు ఫోన్ చేసిండ్రు. 'ఐలయ్యా, కంప్యూటర్ల మాటలు భూమి కిందికెళ్లి పోవాలె, బాట దొరుకుతలేదు' అని ఒకటే ఏడుపు. ఫికర్ చెయ్యకుండ్రి అన్న. నేల మీద చెవి పెట్టిన. గీడికెళ్లి సముద్రం దాంక, సముద్రం కిందికెళ్లి వాళ్ల గడప దాంక వేలితోటి గీత గీసి ఇచ్చిన. నీ ఇంటర్నెట్టు ఉరుకుతున్నది ఏడికెళ్లి అనుకున్నవ్? నా గీత మీదికెళ్లే!"

"మరి కనెక్షన్ ఊరికే తెగిపోతుందేం బాబాయ్?" అన్నాడు అవినాష్.

"ఆడాడ తేళ్లుంటయి బిడ్డా, జరిగి పోవాలె. దునియాల ఏ బాటైనా సరే, ఐలయ్య చూపియ్యకుంటే లేదు!"

బండి చుట్టూ ఉన్న నలుగురూ పగలబడి నవ్వారు. పట్టాభిరామయ్యగారు ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఆ నవ్వులోనే అనేశారు:

"లోకానికంతటికీ బాటలు వేశారు, బాగానే ఉందండీ. మరి పొద్దున మీ సక్కుబాయమ్మ మా గేటు దగ్గర గంటసేపు నిలబడి, అత్తగారి సమాధికి దారి ఇప్పించండి బాబూ అని నన్నెందుకు అడిగిందండీ?"

నవ్వు తెగిపోయింది. అవినాష్ తల దించుకున్నాడు. ఐలయ్య వారం నుంచి మింగుతున్న మాటను సక్కుబాయి పొద్దున్నే పోయి, నిలబడి, అడిగేసి వచ్చింది. వచ్చి తనతో చెప్పను కూడా లేదు.

పట్టాభిరామయ్యగారు నొచ్చుకున్నారు. "అయ్యో, ఎగతాళికి అనలేదండీ. గేటు తియ్యమని చెప్పాను. రేపు తొమ్మిదిలోపు ఇద్దరూ రండి. వాచ్‌మన్ దగ్గర బుక్కులో రాసి లోపలికి వెళ్లాలి, అంతే. మా చుట్టాలకైనా అదే రూలు."

"బుక్కుల ఏం రాయాలె సారూ?"

"పేరు, వచ్చిన టైము, ఎవరింటికి వచ్చారో."

పుల్లయ్య అడక్కుండానే ఇంకో చాయ్ పోసి ఐలయ్య చేతిలో పెట్టాడు. ఐలయ్య తాగలేదు.

"ఎవరింటికని రాయాలె?"

"ప్లాటు నంబరు వేస్తే సరిపోతుందిలెండి."

"మీ కాలనీ నక్షల మా అమ్మ జాగ తెల్లగ ఇడిసిపెట్టిండ్రు సారూ," అన్నాడు ఐలయ్య, ఆ సాయంత్రం మొదటిసారి గొంతు తగ్గించి. "ఆమెకు నంబరు పడలే."