బారెడు దూరంలో దర్జీ

బల్ల మీద చోటున్నా ఈమధ్య దర్జీ బావ మా టీకొట్టు గుమ్మం బయటే నిలబడి తాగుతున్నాడు. "లోపలికి రావోయ్, ఎవరైనా కొరుకుతారా?" అన్నాను ఆ సాయంత్రం. అంతే, అందుకున్నాడు.

"మనిషికీ మనిషికీ మధ్య బారెడు జాగా ఉండాలి బావా. అందులో ఉన్న సుఖం మీకేం తెలుసు? ఎవడి నోటి వాసనా తగలదు. నాకు చాడీ చెప్పాలంటే వీధంతా వినేలా అరవాలి, అందుకని చెప్పడమే మానేశారు. ఇంట్లో మీ చెల్లెలూ అంతే, ఆ గదిలోంచి ఈ గదిలోకి అరిచి అరిచి గొంతు పోయి తనే ఊరుకుంటుంది."

"మరి కొలతలో? అక్కణ్ణుంచే టేపు విసురుతావా?" అన్నాడు సైకిళ్ల మెకానిక్.

"టేపా! నా కన్నే టేపు. చెప్పుకుంటే సిగ్గుగానీ, మొదట్లో కొట్టుకి ఈ చివర నేను, ఆ చివర మనిషి. ఒక్క చూపు చూస్తే చాలు, చొక్కా అతికినట్టు సరిపోయేది. తర్వాత ఏకంగా రోడ్డవతలే నిలబెట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓ పెద్దాయన బస్సులో పోతూ పోతూ కిటికీలోంచి 'కోటు కావాలీ' అని కేకేశాడు. బస్సు మలుపు తిరిగేలోగా కొలిచేశా. మర్నాడు అదే బస్సులోకి కోటు విసిరితే నేరుగా వెళ్లి ఆయన ఒంటికి తొడుక్కుంది, బొత్తాలతో సహా."

"బొత్తాలు కూడా అవే పెట్టుకున్నాయా?" అన్నాను.

"పైదొక్కటీ ఆయనే పెట్టుకున్నాడు, అబద్ధమెందుకు? అదేం గొప్ప! మొన్న విమానం పోతుంటే దాని నీడ మా పెరట్లో పడింది. ఆ నీడలోంచే లోపలున్న వాళ్లందరి నడుములూ పట్టేశా. పైలట్‌కి కుడిభుజం కాస్త జారుడు, పాపం."

మెకానిక్‌కి టీ పొలమారింది. "సరే బావా, రేపు నీ మేనకోడలు మొదటి ఉద్యోగానికి వేసుకెళ్లే కోటు? అదీ కంటితోనే కొలిచావా?"

దర్జీ గ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత గొంతు మరింత పెంచాడు. "కంటితోనే! నూలుపోగంత తేడా ఉంటే కత్తెర పట్టడం మానేస్తా!"

అప్పటికే ఆ పిల్ల మావయ్యని ఇంటికి పిలవడానికొచ్చి అతని వెనకే నిలబడి ఉంది. ఒంటి మీద ఆ కోటే. కుడిచెయ్యి మాత్రం జేబులో ఉంది.

"ఏదమ్మా, రెండు చేతులూ చాపు," అన్నాడు మెకానిక్.

"ఎందుకులే బాబాయ్, చాలా బాగుంది."

అయినా వాడు వదల్లేదు. చాపింది. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర సరిగ్గా ఆగింది. కుడిది వేళ్లన్నిటినీ మింగేసి ఇంకా వేలాడుతోంది. మెకానిక్ పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను, ఇప్పుడు తల్చుకుంటే నాకే సిగ్గేస్తుంది.

దర్జీ చెవుల దాకా ఎర్రబడ్డాడు. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. "మడిచేసుకుంటా మావయ్యా, ఎవరికీ తెలీదు," అంటూ పిల్ల దగ్గరికొచ్చింది. అతను వెనక్కి జరిగాడు. అది ఇంకా దగ్గరికొచ్చింది. అతని వీపు గోడకి తగిలింది.

"దగ్గరికి రాకమ్మా," అన్నాడు. "వస్తే నీ మొహం కూడా అలుక్కుపోతోంది. టేపు మీద అంకెలు కనబడి చాలా రోజులైంది. కళ్లజోడు పెడితే నా పనైపోయిందనుకుంటారని సిగ్గుపడ్డాను. నీ కోటు పాడు చేశాను."

"దూరం నుంచి కనబడుతుంది కదా మావయ్యా. మధ్యాహ్నం ఇది వేసుకుని నీ కొట్లోంచి వెళ్తుంటే చూడలేదా?"

"చూశాను. మలుపు దగ్గర నువ్వు చెయ్యి జేబులో దాచుకోవడం కూడా కనబడింది."

"మరి పిలవలేదేం?"

దర్జీ తల దించుకున్నాడు. "పిలిస్తే దగ్గరికొస్తావని."